దెబ్బ ఎవరిది

మా పాత బళ్ల యార్డులో ఆడవాళ్లం ఇద్దరమే. నేను కాటా గదిలో కూర్చుని ఇనుము తూకం వేసేదాన్ని, ఆమె బయట ఎండలో కార్లు పగలగొట్టేది. అందరూ ఆమెను సుత్తక్క అనేవాళ్లు. మాటలతో సుత్తి కొట్టే రకం అనుకునేరు, కానే కాదు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా పట్టుమని పది మాటలు మాట్లాడేది కాదు. ఆమె కొట్టేది నిజం సుత్తితోనే. పొడుగు కర్ర సమ్మెటను తల మీదుగా లేపి దించిందంటే ఇంజను దిమ్మ రెండు ముక్కలు కావలసిందే. కొత్తగా చేరిన మగవాళ్లు మొదట్లో మీసాల చాటున నవ్వుకునేవాళ్లు. ఒకపూట ఆమె పక్కన పనిచేశాక దూరంగా జరిగి నిలబడేవాళ్లు.

ఆమె మొగుడు గ్యాస్ కట్టర్. మంటతో ఇనుము కోయడం అతని పని, అందుకని యార్డులో అతని పేరు కూడా కట్టరే. అతనికి కోపం ముక్కు మీదే ఉండేది. మొగుడూ పెళ్లాలు ఇంట్లో గిన్నెలు విసురుకుని, పొద్దున్నే ఒకే స్కూటర్ మీద పనికొచ్చేవాళ్లు. అతని చేతికి నిప్పురవ్వ తగిలితే ఈమె తన నీళ్ల సీసా మొత్తం ఆ చేతిమీద ఒంపేసేది. వాళ్ల మధ్య ప్రేమ లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆ ప్రేమకు మెత్తదనం తెలియదు, అంతే.

మా యార్డులో ఒక పద్ధతి ఉంది. గుద్దుకున్న బండి లోపలికి రాగానే దాని మీద ఎవరూ చెయ్యి వేయరు. ఓనరు చుట్టూ ఒకసారి తిరిగి, "దెబ్బ ఎటునుంచిరా?" అని అడుగుతాడు. పనివాళ్లు సొట్టలు తడిమి, గీతలు చూసి, ఎటునుంచి తగిలింది, ఎంత జోరుగా తగిలింది, కొట్టింది లారీయా బస్సా అని చెప్పాలి. దెబ్బ తెలిస్తే లోపల ఏది పోయిందో, ఏది పనికొస్తుందో తెలుస్తుంది. ఏళ్ల తరబడి అలా చూసీ చూసీ మాకందరికీ ఒక పిచ్చి పట్టుకుంది. ఏది విరిగినా, కొట్టినవాడు ఒకడు ఉండి తీరాలి అనుకునేవాళ్లం. ఇనుము సంగతిలో అది చాలావరకు నిజమే. మనుషుల దగ్గరికొచ్చినా మేము అదే బుర్రతో ఉండేవాళ్లం.

సుత్తక్కకు మొదటిసారి నెల తప్పినప్పుడు మరిది కూడా మా దగ్గరే పనిచేసేవాడు. కట్టర్‌కి తమ్ముడు, అందరికీ చిన్నోడు. నోట్లో నాలుక లేని మనిషి. వదినంటే భయమూ, అంతకు రెట్టింపు ఇష్టమూ. ఒకరోజు ఇద్దరూ కలిసి వ్యాను తలుపు ఊడదీస్తున్నారు. అతని చేతిలో తలుపు పట్టుతప్పి, దాని అంచు వచ్చి ఆమె పొత్తికడుపుకు తగిలింది. ఆమె వంగిపోయి, తేరుకుని, వాణ్ణి నాలుగు బూతులు తిట్టి మళ్లీ పనిలో పడింది. కొన్నాళ్లకు రక్తం పోయింది. ఆస్పత్రికి వెళితే కడుపు నిలవలేదన్నారు.

ఆమె మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఎవరితోనూ మాట్లాడలేదని కట్టర్ చెప్పాడు. తిరిగి పనిలోకి వచ్చిన రోజు నా గది ముందునుంచే నడిచి వెళ్లింది. పలకరించాను, వినిపించుకోలేదు. చిన్నోడు ఒక ఇరుసు మీద కుడిచెయ్యి ఆనించి, ఎడంచేత్తో నట్టు విప్పుతున్నాడు. ఆమె సమ్మెట ముట్టుకోలేదు, పక్కనున్న చిన్న సుత్తి తీసుకుంది. మొదటి దెబ్బకే వేళ్లు నలిగిపోయాయి. చిన్నోడు పెట్టిన కేకకు నేను కుర్చీ తన్నుకుని బయటికి పరిగెత్తాను. రెండో దెబ్బ మణికట్టు మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు ఇనుము చప్పుళ్ల మధ్య కూడా విడిగా వినబడింది. కట్టర్ అక్కడే, చేతిలో మంట పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆపుతాడనుకున్నాను.

"ఇంకోటి వెయ్యి," అన్నాడు.

వేసింది. నేను ఆమె నడుం పట్టుకుని వెనక్కి లాగేసరికి ఆ చెయ్యి చెయ్యిలా లేదు. ఇరుసంతా రక్తం. చిన్నోడు నేలమీద పడి పొర్లుతూ, "తప్పయిపోయింది వదినా, తప్పయిపోయింది," అంటున్నాడు. అతను ఒక్క దెబ్బకు కూడా చెయ్యి వెనక్కి తీసుకోలేదు. భయంతో బిగుసుకుపోయాడనుకున్నాం.

పోలీసులదాకా ఎవరూ పోలేదు. బిడ్డను పోగొట్టిన చెయ్యి విరిగింది, చెల్లుకు చెల్లు అన్నారు పనివాళ్లు. ఓనరు కూడా అదే మాటన్నాడు. చిన్నోడి కుడిచేతి బొటనవేలూ, పక్కనున్న రెండు వేళ్లూ మళ్లీ వంగలేదు. యార్డు వదిలేసి, వీధి చివర పంక్చర్ షాపులో ఎడంచేత్తో పని నేర్చుకున్నాడు. తర్వాత పెళ్లి కూడా చేసుకున్నాడు. అన్నదమ్ములకు మాత్రం మాటల్లేవు.

రెండోసారి కూడా ఆమెకు కడుపు నిలవలేదు. ఈసారి తలుపు లేదు, మరిది లేడు, దెబ్బ లేదు. అయినా కొట్టినవాడు ఒకడు కావాలి కదా! గతుకుల రోడ్డూ స్కూటరూ దొరికాయి. కట్టర్ ఆ స్కూటర్‌ను యార్డు మధ్యకు తెచ్చి నిలబెట్టాడు. భార్యాభర్తలిద్దరూ చెరొక సుత్తితో దాన్ని పిండి పిండి చేశారు. ఆ తర్వాత తుక్కును మోసుకొచ్చి నా కాటా మీదే పడేశారు. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఏదీ బయటికి రానివ్వలేదు, ఆ ఇద్దరి ముందు రానిచ్చే ధైర్యం ఎవరికుంది?

కొన్నేళ్లకు మూడోసారి నెల తప్పిన సంగతి నాకు ఒక్కదానికే చెప్పింది. సమ్మెట మాత్రం దించలేదు. ఒక మధ్యాహ్నం క్రేన్ డ్రైవరు ఇంజను దిమ్మను గాల్లోకి లేపి పక్కకు తిప్పాడు. గొలుసు ఊగి దిమ్మ ఈమె మొహం మీదకొచ్చింది. చటుక్కున వెనక్కి గెంతి, కాలు జారి చతికిలబడింది. ఆ డ్రైవరుకు నోటిదురుసు. "ఏంటక్కా, కుర్చీ వెయ్యనా?" అని పైనుంచి పళ్లికిలించాడు. ఆమె లేచి దుమ్ము దులుపుకుని, నీళ్లు తాగుతానని నా గదిలోకి వచ్చింది. కాసేపటికి చీర కుచ్చెళ్లు పట్టుకుని చూసుకుంది. చిన్న ఎర్రటి మరక. నా బల్ల అంచు పట్టుకుని నిలబడిపోయింది.

"మళ్లీ," అంది.

కట్టర్‌ను కేకేశాను. అతను పరిగెత్తుకొచ్చి, మరక చూసి, ఆమె మొహం చూసి, "ఎలా ఉంది?" అని అడగలేదు. "ఎవడు?" అన్నాడు. ఆమె క్రేన్‌వైపు చూసింది, అంతే. అతనికి అది చాలు. ఇనుప కడ్డీ తీసుకుని క్రేన్ ఎక్కి, డ్రైవరును జుట్టు పట్టుకుని కిందికి ఈడ్చాడు. నేను ఆమెను ఆటోలో కూలేసి తిరిగి చూసేసరికి కడ్డీ లేస్తోంది, పడుతోంది. డ్రైవరు మొహాన్ని మోచేతులతో కప్పుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఆపడానికి ఆలోచిస్తున్నారు. ఆలోచించడానికి ఏముందో నాకు ఈనాటికీ అర్థం కాదు.

ఆటోలో ఆమె నా చెయ్యి పట్టుకుంది. ఆ పట్టుకు నా గాజు పగిలింది.

"ఇది కూడా పోతే వాణ్ణి మా ఆయన వదిలేసినా నేను వదలను," అంది.

"ముందు నువ్వు నోరు మూసుకుని కూర్చో. పోయిందని ఎవరు చెప్పారు నీకు?"

"రక్తం చెప్పింది."

ఆస్పత్రిలో మా వంతు వచ్చేదాకా ఆమె కూర్చోలేదు. గోడ పక్కన నిలబడి, పొత్తికడుపు మీద రెండు చేతులూ అడ్డం పెట్టుకుని, దగ్గరికొచ్చిన ప్రతివాళ్లనూ మింగేసేలా చూసింది. ఒక ముసలావిడ అటుగా పోతూ భుజం తగిలించినందుకు కొట్టబోయింది. నేను మధ్యలో దూరి ఆ ముసలావిడకు క్షమాపణ చెప్పుకున్నాను.

డాక్టరమ్మ నడివయసు మనిషి. అలసిపోయిన కళ్లు, చేతులు మాత్రం చురుకు. ముందు పోయిన రెండింటి సంగతీ రాసుకుని, పడుకోబెట్టి స్కాన్ చేస్తూ, చాలాసేపు తెరవైపే చూసింది. సుత్తక్క పైకప్పు చూస్తోంది. డాక్టరమ్మ తెరను మావైపు తిప్పి, పెసరగింజంత చోట ఏదో టపటపలాడుతుంటే వేలు పెట్టి చూపించింది.

"ఇదీ గుండె. కొట్టుకుంటోంది, చూసుకో."

సుత్తక్క తల తిప్పి చూసింది, నమ్మలేదు. "మరి రక్తం?"

"రక్తం కనబడితే బిడ్డ పోయినట్టు కాదమ్మా. మొదటి నెలల్లో ఇలా కొంచెం కనబడటం చాలామందికి మామూలే. ఎక్కువమందికి దానంతటదే ఆగిపోతుంది."

"ఇక పోదు కదా?"

"పోదని ఎవరూ మాటివ్వలేరు. కానీ గుండె ఇలా కనబడ్డాక నిలబడేవే ఎక్కువ. రెండు పోయాక కూడా మూడోది నిలబడ్డవాళ్లు నా దగ్గర ఎంతోమంది ఉన్నారు. రక్తం ఎక్కువగా పోయినా, కడుపులో గట్టిగా నొప్పొచ్చినా, కళ్లు తిరిగినా అప్పటికప్పుడు వచ్చెయ్. అది తప్ప పొద్దస్తమానం భయపడుతూ కూర్చోకు. మంచానికి అతుక్కుపోనక్కర్లేదు, బరువులు మాత్రం పక్కన పెట్టు."

"క్రేన్ మీదకొస్తే పడ్డాను."

"కూలబడ్డావు, అంతేగా? దానివల్ల కాదు. నెలలు నిండేకొద్దీ దెబ్బలతో జాగ్రత్తగా ఉండాల్సిందే. ఇప్పుడు మాత్రం గర్భసంచి చిన్నది, నడుము ఎముకల లోపల కింద దాక్కుని ఉంటుంది. అంత తేలిగ్గా దెబ్బ తగలదు."

నా ప్రాణం లేచొచ్చింది. నవ్వాను కూడా. సుత్తక్క నవ్వలేదు. మోచేతుల మీద లేచి కూర్చుంది.

"మొదటిసారి వ్యాను తలుపు తగిలింది డాక్టరమ్మా. ఇక్కడ, సరిగ్గా ఇక్కడ. దాంతోనే పోయింది."

"తగిలిన వెంటనే రక్తం వచ్చిందా?"

"లేదు. కొన్నాళ్లకి."

"అప్పుడు స్కాన్ చేసినవాళ్లు ఏం చెప్పారు?"

సుత్తక్క గుర్తు తెచ్చుకుంది. "నెలలకు తగ్గట్టు లేదు, ఎదగడం ముందే ఎప్పుడో ఆగిపోయింది అన్నారు. ఏదో డాక్టర్ల మాట అనుకున్నాను."

డాక్టరమ్మ చేతి తొడుగులు తీసేసి ఆమె పక్కనే మంచం అంచున కూర్చుంది. "అయితే తలుపు తగిలేసరికే అది ఆగిపోయి ఉంటుంది. ఈ నెలల్లో పోయేవాటిలో సగానికి పైన, బిడ్డ మొదలయ్యేటప్పుడే లోపల అమరిక కుదరక పోతాయి. నువ్వు పని చేశావనో, మెట్లెక్కావనో, తలుపు తగిలిందనో కాదు. నీ తప్పూ లేదు, ఇంకొకళ్ల తప్పూ లేదు."

సుత్తక్క మెల్లగా అడిగింది. "ఇంజను దిమ్మలు కొన్ని కొట్టకుండానే పగులుతాయి. లోపల చూస్తే పోత పోసినప్పుడే బుడగ ఉండిపోయి ఉంటుంది. అలాగా?"

"ఇంచుమించు అలాగే. ఎవరూ కొట్టక్కర్లేదు."

ఆ మాట డాక్టరమ్మ ఎంతో దయగా అంది. భయంతో వచ్చిన ఆడదాని భుజం మీంచి బరువు దించాననుకుంది, పాపం. ఆమె కళ్లముందే సుత్తక్క మొహంలో నెత్తురుచుక్క లేకుండా పోయింది. నాకు మాత్రం ఇరుసు మీది చెయ్యి కళ్లకు కట్టింది.

బయటికొచ్చాక మెట్ల దగ్గర ఇనుప కమ్మీ ఉంది. ఏమైందో తెలిసేలోపే సుత్తక్క తన కుడిచేతిని ఎత్తి కమ్మీకేసి కొట్టుకుంది. మళ్లీ కొట్టుకుంది. చర్మం చిట్లి రక్తం చిమ్మింది. నేను వెనకనుంచి వాటేసుకుని నేలమీద కూలేశాను. ఆ మెట్ల మీద, పోయేవాళ్లూ వచ్చేవాళ్లూ చూస్తుండగా, ఆమె గొంతు చించుకుని ఏడ్చింది. రెండుసార్లు కడుపు పోయినప్పుడు కూడా ఆమె అలా ఏడవడం నేను చూడలేదు.

యార్డుకు తిరిగొచ్చేసరికి డ్రైవరు తలకు తువ్వాలు చుట్టుకుని గోడకానుకుని ఉన్నాడు. ముందుపళ్లు రెండు లేవు. అతని తరఫువాళ్లు కర్రలతో వచ్చి గేటు దగ్గర మోహరించారు. కట్టర్ కడ్డీ పట్టుకుని, రండి చూసుకుందాం అన్నట్టు ఎదురుగా నిలబడ్డాడు. సుత్తక్క ఆటో దిగి నేరుగా మొగుడి దగ్గరికి పోయి, కడ్డీ లాక్కుని అవతల పారేసి, రెండు చేతులతో అతని గుండెల మీద తోసింది. అతను తూలి రెండడుగులు వెనక్కి పోయాడు.

"ఎవరూ కొట్టలేదు! బిడ్డ బాగానే ఉంది. ఎవరూ కొట్టలేదు!"

"బాగుందా?" అన్నాడు కట్టర్. "నిజంగానా?"

"అప్పుడు కూడా ఎవరూ కొట్టలేదు. తలుపు తగిలేసరికే అది ఆగిపోయిందంట. చిన్నోడు ఏం చెయ్యలేదు."

"డాక్టర్లకేం తెలుసే? నేను కళ్లారా..."

"నువ్వు 'ఇంకోటి వెయ్యి' అన్నావు," అంది సుత్తక్క. "నేను వేశాను."

కట్టర్ గాలి తీసేసిన టైరులా కూలబడ్డాడు. కర్రలతో వచ్చినవాళ్లు కూడా ఆ మాటకు ఆగిపోయారు. సాయంత్రం పోలీసులు వచ్చి కట్టర్‌ను తీసుకెళుతుంటే ఓనరు, విడిపించుకొద్దాం పద అన్నాడు. సుత్తక్క కదల్లేదు. "ఉండనీ. పళ్లు రాలగొట్టినవాడు లోపల ఉండాలి," అంది. కాసేపాగి, "నేను ఉండలేదు," అంది.

మర్నాడు ఆమె పంక్చర్ షాపుకు బయలుదేరింది. ఒంటరిగా పంపడం ఇష్టంలేక నేనూ వెళ్లాను. చిన్నోడు నీళ్ల తొట్టిలో ట్యూబు ముంచి బుడగలు వెతుకుతున్నాడు. కుడిచెయ్యి కర్రలా ట్యూబును అదిమిపెట్టింది, పనంతా ఎడంచేతిదే. వదినను చూసి లేచి నిలబడ్డాడు, ఆ చెయ్యి వీపు వెనక పెట్టుకున్నాడు. సుత్తక్క ముందూ వెనకా చూడకుండా జరిగింది జరిగినట్టు చెప్పేసింది. డాక్టరమ్మ అన్న ప్రతి మాటా చెప్పింది. షాపు వెనక గదిలోంచి అతని భార్య కూడా వచ్చి, గుమ్మంలో నిలబడి విన్నది.

చిన్నోడు కాలెత్తి తొట్టిని తన్నాడు. నీళ్లు వీధిలోకి పారాయి. తర్వాత టైర్లు విప్పే ఇనుప పట్టీ తీసుకుని గోడను బాదాడు. సున్నం పెచ్చులు రాలి ఇటుకలు బయటపడేదాకా బాదాడు.

"నేను చెయ్యి తీసుకోలేదు వదినా!" అని అరిచాడు. "నువ్వు సుత్తి ఎత్తేటప్పుడే చూశాను. తీసుకోవచ్చు. పసిప్రాణం తీసిన చెయ్యి కదా, కొట్టనీ అనుకున్నాను!"

సుత్తక్క అతని కాళ్లమీద పడబోయింది. అతని భార్య మధ్యలోకి వచ్చి, ఆమెను జబ్బ పట్టి లేపి, చెంప ఛెళ్లుమనిపించింది. వీధంతా వినబడింది. దెబ్బ తిని ఊరుకున్న చరిత్ర లేదు సుత్తక్కకు. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి ఆమె అలాగే, చేతులు వేలాడేసుకుని నిలబడి ఉంది.

"మాకు పాప ఉంది, తెలుసా నీకు?" అంది చిన్నోడి భార్య. "నడుస్తోంది, మాట్లాడుతోంది. ఈయన ఒక్కసారి ఎత్తుకోలేదు. దాని జ్వరానికి నుదురు కూడా ముట్టుకోలేదు. నేను ముట్టుకుంటే పిల్లలు బతకరే అంటాడు. చెయ్యి పోతే పోయింది, ఎత్తుకోని ఆ రోజుల్నెవరు తెచ్చిస్తారు? నువ్వు తెస్తావా?"

ఆ పిల్ల గుమ్మం పట్టుకుని, తడిసిన వీధినీ ఏడుస్తున్న పెద్దవాళ్లనూ వింతగా చూస్తోంది. చిన్నోడు పట్టీ కింద పడేసి, అరుగు మీద కూర్చున్నాడు.

"ఇంకోసారి చెప్పు వదినా. ఆ డాక్టరమ్మ ఏమంది?"

చెప్పింది. మళ్లీ చెప్పమన్నాడు. మళ్లీ చెప్పింది. చివరికి, "నీ మాట కాదు వదినా, ఆవిడ నోటితో వినాలి నేను," అన్నాడు.

మళ్లీ స్కాన్‌కు వెళ్లినప్పుడు అతనూ వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకుని, చెయ్యి జేబులో దాచుకుని, గదిలో ఒక మూల నిలబడ్డాడు. రక్తం ఎప్పుడో ఆగిపోయింది. బిడ్డ బాగా ఎదుగుతోందని డాక్టరమ్మ చెప్పింది. అప్పుడతను మూలనుంచి ఒకడుగు ముందుకేశాడు.

"అమ్మా, మొదటిసారి ఆ తలుపు జార్చింది నేనే. నా వల్ల కాదు కదా?"

"నీ వల్ల కాదు బాబూ," అంది డాక్టరమ్మ. "ఎవరి వల్లా కాదు."

అతను కళ్లు తుడుచుకోవడానికి జేబులోంచి చెయ్యి తీశాడు. వంగని ఆ వేళ్లను చూసి డాక్టరమ్మ లేచొచ్చింది, మణికట్టు పట్టుకుని అటూ ఇటూ తిప్పింది.

"ఇంతలా నలిగిపోయిందేంటి? ఏమైంది దీనికి?"

"పనిలోనండి," అన్నాడు చిన్నోడు నేలచూపులు చూస్తూ. "జాకీ జారి బండి పడింది."

సుత్తక్క మంచం మీంచి లేచి కూర్చుంది.

"ఏ బండీ పడలేదు డాక్టరమ్మా," అంది. "నేను కొట్టాను."